మధుమేహ రోగులకు ఆహార ప్రణాళిక ఎంపిక: కృష్ణా డెల్టా భోజనంలో చేసుకోదగిన మార్పులు

కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, చిలకలపూడి, గుడివాడ ప్రాంతాల్లోనూ, దివిసీమలోనూ భోజనం అంటే అన్నమే. విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల కింద మాగాణి విస్తరించి, వరి ఈ ప్రాంతపు ప్రధాన పంటగా స్థిరపడింది. 1957లో ప్రకాశం బ్యారేజి నిర్మాణంతో ఆ సాగు మరింత బలపడింది. పండిన పంటే కంచంలోకి రావడం సహజం. అందువల్లనే ఈ ప్రాంతంలో ఒక వ్యక్తికి షుగరు వ్యాధి ఉన్నట్లు తేలిన నాడు ఆ ఇంట తొలుత చర్చకు వచ్చే విషయం అన్నం. మానాలా, తగ్గించాలా, రాత్రిపూట మాత్రం మానితే చాలునా, దాని స్థానంలో ఏది తినాలి అన్న ప్రశ్నలకు ఇరుగు పొరుగు వారు, బంధువులు, టెలివిజన్ కార్యక్రమాలు, సెల్‌ఫోనులో వచ్చే వీడియోలు తలా ఒక సమాధానం చెబుతుండగా, రోగి చేతిలోని మందుల చీటీలో మాత్రం ‘ఆహార నియమం పాటించాలి’ అన్న ఒక్క వాక్యమే ఉంటున్నది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన ‘ఇండియాబ్’ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం 2021 నాటికి దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతోనూ, మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలోనూ ఉన్నారు. వీరిలో అత్యధికులకు ఉన్నది టైప్ 2 మధుమేహం. ఈ రకంలో శరీరం ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేస్తూనే ఉంటుంది. అయితే కండరాలు, కాలేయం దానికి సరిగా స్పందించవు. క్రమేణా ఇన్సులిన్ ఉత్పత్తి కూడా తగ్గుతుంది. తిన్న పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది కనుక, ఏ పూట ఎంత పిండిపదార్థం తీసుకున్నారన్నది ఆ పూట చక్కెర స్థాయిని నేరుగా ప్రభావితం చేస్తుంది. మందులు ఎంత వాడినా ఆహారాన్ని పక్కన పెట్టి చికిత్స చేయడం సాధ్యం కాకపోవడానికి కారణం ఇదే.

మధుమేహ రోగులందరికీ సరిపడే ఏకైక ఆహార పద్ధతి ఏదీ లేదని ప్రపంచవ్యాప్తంగా వైద్య సంఘాలు అంగీకరిస్తున్నాయి. రోగి బరువు, వయస్సు, చేసే పని, వాడుతున్న మందులు, మూత్రపిండాల స్థితి, ఇంటి ఆర్థిక స్తోమత, ఇంట్లో వంట చేసేవారి వీలు పరిశీలించి ప్రణాళికను ఎంచుకోవలసి ఉంటుంది. ఏళ్ల తరబడి కొనసాగించగలిగిన పద్ధతికే ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం.

ప్రచారంలో ఉన్న పద్ధతులు

గత రెండు దశాబ్దాల్లో తెలుగునాట పలు ఆహార విధానాలు విశేష ప్రాచుర్యం పొందాయి. ఉప్పు, నూనె విడిచి, పచ్చి కూరగాయలు, మొలకలు, పండ్లకు పెద్దపీట వేసే విధానాన్ని డాక్టర్ మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి జీవన విధానం పేరిట ప్రచారం చేశారు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అనే ఐదు ధాన్యాలను ‘సిరిధాన్యాలు’గా డాక్టర్ ఖాదర్‌వలి ప్రజల్లోకి తీసుకువెళ్లారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది కూడా ఆ ఏడాదినే. ఇక 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారంలోకి తెచ్చిన విధానం అన్నం, రొట్టె, పప్పు దాదాపుగా మాన్పించి, కొబ్బరి నూనె వంటి కొవ్వును రోజుకు 70 నుంచి 100 గ్రాముల వరకు తీసుకోవాలని చెప్పడంతో ఊరూరా చర్చనీయాంశమైంది.

పిండిపదార్థాన్ని బాగా తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గుతుందన్నది కొత్త విషయం కాదు. బ్రిటిష్ సైనిక వైద్యుడు జాన్ రోలో 1797లోనే మాంసాహారంతో మధుమేహానికి చికిత్స చేసిన వృత్తాంతాన్ని ప్రచురించారు. 1921లో ఇన్సులిన్‌ను కనుగొనేవరకు వైద్యులకు అందుబాటులో ఉన్న ప్రధాన సాధనం ఆహారాన్ని కఠినంగా నియంత్రించడమే. ఆధునిక పరిశోధనలు కూడా తొలి ఆరు నెలల్లో ఇటువంటి ఆహారంతో బరువు, చక్కెర స్థాయి గణనీయంగా తగ్గుతాయని తెలుపుతున్నాయి. ఏడాది గడిచేసరికి ఇతర పద్ధతులకు, దీనికి మధ్య తేడా చాలావరకు తగ్గిపోతున్నది. అధిక సంఖ్యాకులు అంతకాలం దానిని కొనసాగించలేకపోవడం ఇందుకు ఒక కారణం. అన్నమే భోజనమైన డెల్టా ఇంట్లో ఒకరికి వేరుగా వండటం నెలల తరబడి సాగే పని కాదన్నది కుటుంబ స్త్రీలకు తెలియని సంగతి కాదు.

బరువు తగ్గడం ద్వారా వ్యాధిని ఉపశమన దశకు తీసుకురావడం కొందరిలో సాధ్యమేనని బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ పరిశోధన 2017లో నిరూపించింది. రోజుకు 825 నుంచి 853 కిలో కేలరీలు మాత్రమే లభించే ద్రవాహారాన్ని మూడు నుంచి ఐదు నెలలు ఇచ్చి, అనంతరం సాధారణ ఆహారాన్ని క్రమంగా ప్రవేశపెట్టగా, ఏడాది చివరికి 46 శాతం మంది మందుల అవసరం లేని స్థితికి చేరుకున్నారు. రెండేళ్లకు ఈ సంఖ్య 36 శాతానికి తగ్గింది. అయితే అందులో పాల్గొన్నవారంతా అధిక బరువు ఉన్నవారు, వ్యాధి బయటపడి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు అన్న విషయం గమనార్హం. ఆ కార్యక్రమం ఆద్యంతం వైద్య సిబ్బంది పర్యవేక్షణలో సాగింది. ఈ ఫలితాన్ని పదిహేనేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్న వ్యక్తికో, ఎముకల గూడులా ఉన్న వ్యవసాయ కూలీకో వర్తింపజేయడం ప్రమాదకరం.

చిరుధాన్యాల విషయంలో ఒక అపోహ విస్తృతంగా ఉన్నది. కొర్రన్నం కనుక ఎంత తిన్నా ఫరవాలేదన్న భావన సరికాదు. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉండగా, రాగుల్లో సుమారు 67 గ్రాములు ఉన్నది. రాగుల్లో పీచు 11 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపే. లాభం ఉన్నమాట నిజమే, కానీ అది ఊహించినంత పెద్దది కాదు. పైగా రాగి పిండిని పలుచని జావగా కాచి తాగినప్పుడు అది త్వరగా జీర్ణమై చక్కెరను వేగంగా పెంచుతుంది. ఇండియాబ్ సర్వేలో ఆహారానికి సంబంధించి 2025లో వెలువడిన విశ్లేషణ ప్రకారం భారతీయుల ఆహార శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే లభిస్తున్నది. పాలిష్ చేసిన ధాన్యం స్థానంలో ముడి గోధుమ పిండి, చిరుధాన్యాల పిండి తెచ్చినంత మాత్రాన, మొత్తం పిండిపదార్థం తగ్గనంతవరకు, మధుమేహ ముప్పు తగ్గినట్లు కనిపించలేదు. ఆ పిండిపదార్థంలో కొంత భాగం స్థానంలో పప్పుధాన్యాలు, పాల ద్వారా లభించే మాంసకృత్తులు చేరినప్పుడు మాత్రం ముప్పు తక్కువగా ఉన్నట్లు తేలింది. బియ్యం మాని కొర్రలు కొనలేని పేద కుటుంబాలకు ఈ ఫలితం ఊరటనిచ్చేదే. ఇంట్లో ఉన్న బియ్యాన్నే తక్కువగా వండుకొని, దాని పక్కన పప్పు పెంచుకుంటే ప్రయోజనం సమకూరుతుంది.

అన్నం లెక్క

ఐసీఎంఆర్ పరిధిలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2024 మే నెలలో ఈ సంస్థ సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. రోజుకు 2,000 కిలో కేలరీలు అవసరమైన ఆరోగ్యవంతునికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనె సరిపోతాయని అందులో సూచించింది. ధాన్యం నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించరాదన్నది ఈ సూచనలోని కీలకాంశం. మధుమేహం కొత్తగా బయటపడినవారిలో ఉపశమనానికి మొత్తం శక్తిలో పిండిపదార్థం 49 నుంచి 54 శాతం, మాంసకృత్తులు 19 నుంచి 20 శాతం ఉండాలని ఇండియాబ్ సమాచారం ఆధారంగా 2022లో వెలువడిన మరో అధ్యయనం అంచనా వేసింది. అన్నం పూర్తిగా మానవలసిన అవసరం ఈ లెక్కలో లేదు.

రోజంతా కూర్చొని పనిచేసే మధ్యవయస్కునికి 1,600 కిలో కేలరీలు అవసరమనుకుంటే, లెక్క ఇలా వస్తుంది. అందులో సగం, అనగా సుమారు 200 గ్రాములు, పిండిపదార్థానికి కేటాయించవచ్చు. 150 గ్రాముల బియ్యం, రవ్వ వంటి ధాన్యం నుంచి సుమారు 117 గ్రాములు, 75 గ్రాముల పప్పుధాన్యాల నుంచి 40 గ్రాములు, మిగిలినది పెరుగు, కూరగాయలు, ఒక పండు ద్వారా లభిస్తాయి. ఒక కోడిగుడ్డు, 100 గ్రాముల చేప చేరితే మాంసకృత్తులు 70 గ్రాములు దాటుతాయి. ఈ 150 గ్రాముల ధాన్యాన్ని వంటింటి భాషలో చెప్పాలంటే ఉదయం రెండు చిన్న ఇడ్లీలు, మధ్యాహ్నం, రాత్రి పూటకు 150 గ్రాముల చొప్పున వండిన అన్నం, అనగా ఒక చిన్న గిన్నెడు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతో ఒకసారి, చివరకు పెరుగుతో ఒకసారి కలుపుకొని తినే అలవాటున్నవారికి ఇది మొదట చాలా తక్కువగా అనిపిస్తుంది. 450 గ్రాముల అన్నం తినే వ్యక్తి ఆ ఒక్క పూటలోనే 125 గ్రాముల వరకు పిండిపదార్థం తీసుకుంటున్నాడన్న విషయం తెలిసినప్పుడు తేడా అర్థమవుతుంది. ఒక్కసారిగా తగ్గించలేనివారు వారానికి ఒక గరిటె చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు.

జాతీయ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు లభించే 5 కిలోల ధాన్యం రోజుకు సుమారు 167 గ్రాములు అవుతుంది. పై లెక్కకు ఇది ఇంచుమించు సమానం. చౌకబియ్యం వల్లనే షుగరు వస్తున్నదన్న వాదన తరచు వినిపిస్తున్నది గానీ, ఆ బియ్యం మీద అదనంగా కొని వండుకునే బియ్యం, పక్కన తగినంత పప్పు లేకపోవడం అసలు సమస్య.

బియ్యం రకాల మధ్య కూడా కొంత తేడా ఉన్నది. తిన్న తరువాత రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో తెలిపే కొలతను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. ఇది 55 లేదా అంతకంటే తక్కువ ఉంటే తక్కువగానూ, 70 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కువగానూ పరిగణిస్తారు. డెల్టా ప్రజలు ఇష్టపడే సాంబ మసూరి (బీపీటీ 5204) రకం 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. ఎండాకు తెగులును తట్టుకునేలా దానిని మెరుగుపరచి, హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించిన ‘మెరుగైన సాంబ మసూరి’ 2008లో వచ్చింది. దీని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 ప్రాంతంలో ఉన్నట్లు తేలింది. 2015లో విడుదలైన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) కూడా దాదాపు ఇదే స్థాయిలో ఉన్నది. దొరికినచోట ఈ రకాలను ఎంచుకోవడం మంచిదే. అయితే వీటిలోనూ పిండిపదార్థం పరిమాణం మామూలు బియ్యంతో సమానమే కనుక, షుగరు బియ్యం పేరుతో రెండోసారి వడ్డించుకుంటే ఆ ప్రయోజనం అక్కడితో సరి.

డెల్టా పంటల్లోనే ప్రత్యామ్నాయం

వరి కోతకు కొద్ది రోజుల ముందు తడి ఆరని పొలంలో మినుము, పెసర విత్తనాలు వెదజల్లి, ఆ తేమతోనే పంట తీయడం కృష్ణా డెల్టా రైతుల ప్రత్యేకత. మాగాణి మినుముగా పేరొందిన ఈ పంట ఇంటి గాదెలోనే ఉంటుంది. మినపప్పులో 100 గ్రాములకు 23 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి, బియ్యంలో ఉన్నది 8 గ్రాముల లోపే. విచారకరమైన సంగతి ఏమంటే, ఈ ప్రాంతపు మినుము అధికభాగం ఇడ్లీ రవ్వతోనో, సున్నుండల్లోని బెల్లం, పంచదారలతోనో కలిసి కంచంలోకి వస్తున్నది. ఇడ్లీ పిండిలో రవ్వ పాలు తగ్గించి పప్పు పాలు పెంచడం, ముడి పెసలతో పెసరట్టు వేసుకోవడం, సాతాళించిన పెసలు, బొబ్బర్లు, శనగలను సాయంత్రం పలహారంగా తీసుకోవడం ఖర్చు లేని మార్పులు. పెసరట్టు మధ్యలో ఉప్మా పెట్టడం కృష్ణా జిల్లా రుచి అని అందరికీ తెలుసు. షుగరు ఉన్నవారు ఆ ఉప్మాను విడిగా వదిలివేసి అట్టు వరకు తినవచ్చు.

మాంసాహారులకు గిలకలదిండి హార్బరు, దివిసీమ తీర గ్రామాల నుంచి వచ్చే చేప ఒక వరం. కవళ్లు, కానాగంతలు వంటి చౌక చేపల్లో గుండెకు మేలు చేసే కొవ్వు ఆమ్లాలు సమృద్ధిగా ఉంటాయి. మెత్తని పులుసు పెట్టుకోవచ్చు. నూనెలో వేపుడు చేయడం, పులుసు రుచికి అన్నం ఎక్కువగా కలపడం వల్ల ఆ మేలు తగ్గిపోతుంది. ఎండు చేపలు, ఊరగాయలు, అప్పడాలు చక్కెరను పెంచకపోయినా వాటిలోని ఉప్పు రక్తపోటును పెంచుతుంది. మధుమేహ రోగుల్లో రక్తపోటు తరచుగా తోడై ఉంటుంది కనుక రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, దాటరాదు.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలన్న సూచన వినడానికి సులభం. ఆచరణలో డెల్టా భోజనంలో కూర అన్నం కలుపుకునేందుకు వాడే ఆధరువుగానే ఉండిపోయింది. దొండ, బెండ, బీర, సొర, పొట్ల, కాకర, వంకాయలతో పాటు తోటకూర, బచ్చలి, గోంగూర, పొన్నగంటి వంటి ఆకుకూరలను ఇంకా పెద్ద పాలులో, తక్కువ నూనెతో వండి, భోజనంలో ముందుగా కొంత కూర, పప్పు విడిగా తిని, ఆ తరువాత అన్నం మొదలుపెట్టడం మంచిది. అవే పదార్థాలను ఈ వరుసలో తిన్నప్పుడు భోజనానంతర చక్కెర తక్కువగా పెరిగినట్లు అమెరికా, జపాన్ దేశాల్లో జరిగిన చిన్న అధ్యయనాల్లో తేలింది. కంద, చామ, బంగాళదుంపలను అన్నంతో సమానంగా లెక్కించాలి.

పండ్లలో జామ, బొప్పాయి, లేత తాటి ముంజలు మితంగా తీసుకోవచ్చు. మామిడి, సపోటా, చక్కెరకేళి అరటి తినాలనుకుంటే ఆ పూట అన్నం తగ్గించుకొని చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి. పండ్ల రసాలు, చెరకు రసం, శీతల పానీయాలు పనికిరావు. బెల్లం, తేనె చక్కెర కంటే మేలన్న నమ్మకానికి ఆధారం లేదు. కాకర రసం, మెంతులు మందులకు ప్రత్యామ్నాయం కావు.

మందులతో ముడిపడిన జాగ్రత్తలు

ఆహార ప్రణాళిక మార్చుకునే ముందు రోగి తాను వాడుతున్న మందు ఏదో తెలుసుకోవడం అత్యవసరం. ఈ ఒక్క విషయంలో జరిగే అజాగ్రత్త ప్రాణాపాయానికి దారితీయవచ్చు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మందులు తిన్నా తినకపోయినా చక్కెరను తగ్గిస్తాయి. మందు మోతాదు అలాగే ఉంచి అన్నం సగానికి తగ్గిస్తే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోయి, చెమటలు, వణుకు, తడబాటు, చివరకు స్పృహ తప్పడం సంభవిస్తాయి. అటువంటప్పుడు స్పృహలో ఉన్న వ్యక్తికి వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీటిలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలి. నాట్లు, కోతల రోజుల్లో పొలంలో శ్రమించే కూలీలు, రోజుల తరబడి సముద్రం మీద ఉండే మత్స్యకారులు కొద్దిగా చక్కెర పొట్లం వెంట ఉంచుకోవడం శ్రేయస్కరం.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులది మరో ప్రమాదం. ఇవి మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపుతాయి. వీటిని వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మాని కొవ్వు మీద ఆధారపడినా, కఠిన ఉపవాసం చేసినా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకొని కీటోఅసిడోసిస్ అనే తీవ్రస్థితి తలెత్తవచ్చు. రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే ఇది సంభవించగలదు కాబట్టి ఇంట్లో గ్లూకోమీటరు చూసి నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు కనుక ఆహారం తగ్గించుకునే స్వేచ్ఛ వారికి ఎక్కువ. దీర్ఘకాలం వాడినవారు, ముఖ్యంగా శాకాహారులు, బి12 విటమిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

మూత్రపిండాలు దెబ్బతిన్న వారికి మాంసకృత్తులు పెంచాలన్న సూచన వర్తించదు. డయాలసిస్ అవసరం రాని దశలో కిలో బరువుకు 0.8 గ్రాములకు మించకుండా చూడాలని వైద్యులు చెబుతారు. పొటాషియం ఎక్కువగా ఉన్నట్లు తేలితే కొబ్బరి నీళ్లు, కొన్ని ఆకుకూరలు, పండ్లు కూడా నియంత్రించవలసి వస్తుంది. సన్నగా ఉండి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు బరువు తగ్గించే ఏ ఆహార పద్ధతినీ చేపట్టరాదు. వారికి ఇన్సులిన్ లోపం ఉన్నదేమో పరీక్షించడం ముందు జరగవలసిన పని. గర్భిణులకు, చిన్నారులకు ఈ వ్యాసంలోని లెక్కలు వర్తించవు.

పనివేళలు, పండుగలు, ఉపవాసాలు

చిలకలపూడి పేరుతో ప్రసిద్ధమైన రోల్డుగోల్డు నగల తయారీ నేడు పోతేపల్లి పార్కుతో పాటు అనేక ఇళ్లలోనూ సాగుతున్నది. ఈ పనివారు గంటల తరబడి కూర్చొని చిన్న చిన్న భాగాలు అతుకుతుంటారు. శారీరక శ్రమ అంతగా లేని ఇటువంటి వృత్తుల్లో ఉన్నవారికి పొలం పనివారి అన్నం పరిమాణం అక్కరలేదు. భోజనం చేసిన తరువాత పది పదిహేను నిమిషాలు నడవడం, గంటకోసారి లేచి తిరగడం భోజనానంతర చక్కెరను అదుపు చేయడంలో తోడ్పడతాయి. చెన్నైలో 531 మందిపై జరిగి 2006లో ఫలితాలు వెలువడిన భారత మధుమేహ నివారణ కార్యక్రమంలో, ఆహారం, వ్యాయామం మార్చుకున్న ముందు దశ వ్యక్తుల్లో వ్యాధి ముప్పు 28.5 శాతం తగ్గింది. ఇంట్లో ఒకరికి షుగరు ఉంటే తోబుట్టువులు, పిల్లలు కూడా అదే వంట తినడం ఈ దృష్ట్యా ఉభయ తారకం.

కార్తీక మాసంలో పాండురంగస్వామి ఉత్సవాలకు, మంగినపూడి సముద్ర స్నానాలకు వేలాదిగా తరలివచ్చే భక్తుల్లో పగలంతా ఉపవాసం ఉండేవారు ఎందరో ఉంటారు. రంజాన్ నెలలో మచిలీపట్నం ముస్లిం కుటుంబాల్లోనూ ఇదే పరిస్థితి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాస దీక్షకు కనీసం నెల ముందు వైద్యుని కలిసి, మోతాదు, వేళలు మార్పించుకోవాలి. ఉపవాసం ఉండరాదని వైద్యుడు చెప్పిన పక్షంలో దానిని పాటించాలి. చక్కెర 70 దిగువకు పడినా, 300 దాటినా దీక్షను విరమించడం తప్పనిసరి. ఉపవాసం పేరిట రాత్రి ఒకేసారి పూరీలు, పాయసం, పండ్లు ఆరగించడం వల్ల మరుసటి ఉదయం చక్కెర ఎక్కువగా ఉంటున్నది.

2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు శనగపిండితో చేసినదే అయినా దానిలోని బెల్లం, నెయ్యి తక్కువేమీ కాదు. బందరు హల్వా సంగతి సరేసరి. బంధువుల ఇంట చిన్న ముక్క రుచి చూసి, ఆ పూట అన్నాన్ని ఆ మేరకు తగ్గించుకోవడం ఆచరణసాధ్యమైన మార్గం. ఏడాది పొడవునా అన్నీ నిషేధించుకొని, సంక్రాంతి మూడు రోజులు నియమమంతా గాలికి వదిలినందువల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఫలితాన్ని కొలిచే విధానం

ఎంచుకున్న ప్రణాళిక పనిచేస్తున్నదో లేదో చెప్పవలసినది రోగి రక్తమే. గ్లూకోమీటరు ఉన్నవారు భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరోసారి చూసుకొని, ఆ పూట తిన్నవి కాగితంపై రాసుకుంటే ఏ పదార్థం తమకు సరిపడుతున్నదో రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. అధిక సంఖ్యాకులకు పరగడుపున 80 నుంచి 130, భోజనానంతరం 180 లోపు ఉండాలన్నది లక్ష్యం. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉండటం మంచిది. వృద్ధులకు, తరచు చక్కెర పడిపోయేవారికి వైద్యులు ఈ లక్ష్యాన్ని సడలిస్తారు. మూడు నెలలు నిజాయితీగా పాటించినా హెచ్‌బీఏ1సీ తగ్గకపోతే ప్రణాళికనో, మందునో మార్చాలి. ఈ మధ్యకాలంలో కనిపించిన ప్రతి కొత్త పద్ధతికీ మారిపోతే ఏది పనిచేసిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

బరువును నెలకోసారి, నడుము చుట్టుకొలతను మూడు నెలలకోసారి చూసుకోవాలి. నడుము కొలత పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

అసాంక్రమిక వ్యాధుల నియంత్రణకు ఉద్దేశించిన జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారందరికీ మధుమేహం, రక్తపోటు పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా జరుగుతున్నాయి. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు, వారం రోజుల ఆహారం రాసిన కాగితం వెంట తీసుకువెళ్తే ప్రణాళిక నిర్ణయించడం వైద్యునికి సులభమవుతుంది. సంవత్సరానికి ఒకసారి కంటి వెనుక పొర పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. క్రియాటినిన్ పెరిగినట్లు తేలిన రోజు నుంచి పప్పు, చేపల పరిమాణాన్ని వైద్యుని సలహాపై తిరిగి లెక్క వేసుకోవలసి ఉంటుంది.